రాసిన ట్రేస్ ఎక్కడికి పోయింది?

‘‘ఏం అబ్బయా, నీ యాప్‌లో గాలి హెచ్చరిక తెరుచుకునే లోపల బోటు కదిలిపోద్ది!’’ బోగోలు మండలం జువ్వలదిన్నె హార్బర్‌లో వల సర్దుతూ బాబాయ్ అన్న మాట ఇది.

ఆలస్యం ఎక్కడో తేల్చాలని కోడ్‌లో ‘మ్యాప్’, ‘హెచ్చరిక’ అని సొంత ట్రేస్‌లు పెట్టా. ఆయన ఫోన్‌ని ల్యాప్‌టాప్‌కి తగిలించి, రికార్డ్ చేసి, గూగుల్ వాళ్ల పర్ఫెట్టోలో తెరిచా. సిస్టమ్ గీతలన్నీ ఉన్నాయి. నావి ఒక్కటీ లేవు!

కోడ్ తప్పేమోనని గంటసేపు తిరగరాశా. మీరలా చేయకండి. ముందు ఈ మూడూ చూడండి.

రికార్డింగ్: ఏ యాప్ ట్రేస్‌లు కావాలో ప్యాకేజీ పేరు ఇవ్వాలి. ఇవ్వకపోతే సిస్టమ్ సంగతులే వస్తాయి.

బిల్డ్: రిలీజ్ వెర్షన్ మామూలుగా సొంత ట్రేస్‌లు బయటికివ్వదు. ఆండ్రాయిడ్ 10 నుంచి మానిఫెస్ట్‌లో ‘ప్రొఫైలబుల్’ అని పెట్టుకోవచ్చు. డీబగ్ బిల్డ్‌లో ట్రేస్‌లు కనిపిస్తాయి కానీ, అది నిదానం కాబట్టి టైమ్ లెక్క నమ్మలేం.

జత: మొదలుపెట్టిన ట్రేస్‌ని అదే థ్రెడ్‌లో ముగించాలి. ఒక థ్రెడ్‌లో మొదలై ఇంకోదాంట్లో ముగిసే పనికి అసింక్ ట్రేస్ వాడాలి. దానికీ ఆండ్రాయిడ్ 10 కావాలి.

నేను మొదటి రెండూ మర్చిపోయా. సరిచేసి మళ్లీ రికార్డ్ చేస్తే నా పేర్లు కనిపించాయి. అసలు గుట్టూ బయటపడింది: మ్యాప్ మొత్తం వచ్చేదాకా హెచ్చరిక ఆగుతోంది. నెట్ సరిగా అందని తీరంలో అదెంత సేపో!

వరుస మార్చా. ఇప్పుడు హెచ్చరిక ముందు, మ్యాప్ తర్వాత. సముద్రంలోకి పోయేవాళ్లకి కావాల్సిన వరుస కూడా అదేగా.