నిప్పుపాలయిన వాడలు – మరల కట్టుకొనుట

"ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వినట్లు" అను సామెత మనలో నెరుగనివారుండరు. ఆ సామెత పుట్టిన కాలమున ఊరనగా తాటాకు పాకల వరుస. ఒక పాక అంటుకొన్నచో వీధి యంతయు బూడిద యగుచుండెను. నేడు చెన్నపట్నమున ఆకాశమునంటు మేడలు లేచినవి. అయినను కూవము, అడయారు నదుల గట్లమీదను, బకింగుహాము కాలువ యొడ్డునను, సముద్రతీరపు కుప్పములలోను ఆ సామెతకు పని తప్పలేదు. అట్టి వాడలలో తమిళులతోపాటు తెలుగు కుటుంబములును పెక్కు కలవు. కావున ఇది మన విద్యార్థులకు ఎచటిదో దూరపు సంగతి కాదు.

ఒక యింటి నిప్పు వాడనంతటిని ఎట్లు పట్టుకొనునో మొదట తెలిసికొనవలెను. మంట వచ్చి తాకినప్పుడే ఇల్లు అంటుకొనునని పలువురు తలతురు. అది సగము నిజము మాత్రమే. పెద్దమంట వేడిమికి, దానిని తాకకయే, ఎదుటి యింటి తడిక పొగలు క్రక్కి భగ్గుమనవచ్చును. అంతకంటె ప్రమాదకరమైనవి నిప్పురవ్వలు. మండుచున్న తాటాకు ముక్కలను వేడిగాలి పైకెత్తును. వీచుగాలి వానిని మోసికొనిపోయి నాలుగిండ్ల కవతల ఎండిన కప్పుమీద దించును. జనులు మొదటి యింటిమీద నీళ్లు చల్లుచుండగా వారి వెనుక మరియొక నాలుగుచోట్ల పొగ లేచును. మన పట్నమున మే నెలలో, తమిళులు అగ్నినక్షత్రమనియు మనవారు కర్తరి యనియు పిలుచు దినములలో, పడమటినుండి పొడిగాలి కొట్టును. సముద్రపుగాలి ఒక్కొక్కనాడు మధ్యాహ్నము దాటినగాని రాదు. ఆ వేళ కిరసనాయిలు పొయ్యి ఒరిగినను, అతుకులతీగె నిప్పు చిమ్మినను చాలును. దీపావళినాటి రాకెట్టుల మాట చెప్పనక్కరలేదు.

అమెరికా దేశమున 2025 జనవరి 7వ తేదీన లాస్ ఏంజెలిస్ నగరపు అంచులలో రేగిన కార్చిచ్చులు 16 వేలకు పైగా కట్టడములను నాశనము చేసినవి. అందు కోటీశ్వరుల భవనములును కలవు. అడవి మంట అచటి ప్రతి యింటిని స్వయముగా వచ్చి తాకలేదు. రవ్వలు గాలిలో వచ్చి చూరుక్రింది గాలిరంధ్రములలో దూరినవి. కప్పు అంచున పేరుకొనిన ఎండుటాకులలో రాజుకొన్నవి. ఒక యిల్లు పక్కయింటిని కాల్చినది. మన గుడిసెవాడలో జరుగునదియు ఇదియే. రవ్వకు ధనికుడు, పేద అను భేదము తెలియదు. ఎండిన వస్తువు కావలెను, దూరుటకు సందు కావలెను.

వాడ కాలినపుడు అచటివారు చేయు పనులను పరికించిన, వారికి బుద్ధి చెప్పబోవు మనమే కొంత నేర్చుకొనవచ్చును. మగవారు గాలివాలుననున్న గుడిసెల కప్పులను లాగి పడవేయుదురు. చూచువారికి అది వెర్రిగా తోచును; నిజమునకు మంటకు మేత లేకుండ చేయుటకు అంతకు మించిన ఉపాయము లేదు. స్త్రీలు పిల్లలను బయటికి చేర్చిన పిమ్మట పరుగెత్తునది రేషనుకార్డున్న పెట్టె కొరకు. తరువాత సమీపపు బడిలోనో కల్యాణమండపములోనో తల దాచుకొందురు. ప్రభుత్వమువారు బియ్యము, ధోవతి, చీర, కొంత రొక్కము పంచుదురు. కొలది దినములలోనే కాలిన నేలమీద మరల కొయ్యలు పాతుకొని, పైన టార్పాలిను కప్పుకొందురు.

ఇది మొండితనమని పైవారందురు. వారి మాట నాకు సమ్మతము కాదు. ఆ నేలకు వారిలో పెక్కురకు పట్టా లేదు. ఖాళీ చేసిన మరునాడే ఆ చోటు పరుల పాలగునేమోయని భయము. చేపల రేవు, ఇంటిపనులు దొరకు వీధులు, పారిశుద్ధ్యపు పనిచోటు అన్నియు నడచిపోవు దూరమున నుండును. తెలుగు పిల్లల విషయమున మరియొక చిక్కు కలదు. తమిళ పుస్తకము కాలిపోయినచో పొరుగుపిల్లవాని వద్ద ఎరువు తెచ్చుకొనవచ్చును. తెలుగు పుస్తకము కాలిపోయినచో ఆ వీధిలో వేరొక ప్రతి యుండకపోవచ్చును. తెలుగు బడి ప్రతి పేటలోను ఉండదు గనుక వాడ మారుట అనగా చదువు భాష మారుట కూడ కావచ్చును.

ఈ భయము మనవారికే ప్రత్యేకమైనది కాదు. హవాయి దీవులలోని లహైనా పట్టణము 2023 ఆగస్టులో కాలిపోయి నూరుమందికి పైగా మరణించినపుడు, ప్రాణాలతో మిగిలిన వారు మొదట పలికిన మాటలలో ఒకటి, తమ భూమిని పైవారు కొనివేయుదురేమో యనునదే.

చెన్నపట్నమున ప్రభుత్వము చేసిన యత్నములను తక్కువ చేయరాదు. 1967లో అన్నాదురైగారి ప్రభుత్వము గుడిసెవాసులకు నిప్పంటుకొనని యిండ్లు కట్టించు పథకమును చేపట్టెను. 1970లో మురికివాడల నిర్మూలన బోర్డు ఏర్పడెను; మరుసటి యేడు దానికై చట్టము వచ్చెను. నొచ్చికుప్పము మొదలగు చోట్ల గుడిసెల స్థానముననే అంతస్తుల యిండ్లు లేచినవి. కాని 2000వ సంవత్సరము నుండి కణ్ణగి నగరు, పిమ్మట పెరుంబాక్కము వంటి దూరపు కాలనీలకు వేలకొలది కుటుంబములను తరలించిరి. అచట కప్పు కాంక్రీటుది. తాటాకు భయము లేదు. పని మాత్రము 20, 30 కిలోమీటర్ల దూరమున మిగిలిపోయినది. బోర్డు పేరు 2021లో నగర నివాస అభివృద్ధి బోర్డుగా మారినది. పేరు మారినంత సులభముగా ఆ దూరము తగ్గదు కదా!

ఈ సందర్భమున లండను కథ మనకు ఉపకరించును. 1666 సెప్టెంబరులో ఆ నగరమున అయిదు దినములు మండిన నిప్పు 13,200 ఇండ్లను, 87 చర్చీలను కాల్చెను. క్రిస్టఫర్ రెన్ మొదలగువారు తిన్ననైన రాజవీథులతో సరిక్రొత్త నగరపు పటములు గీసి రాజున కర్పించిరి. అవి పటములుగనే నిలిచినవి. ఎవరి జాగాను వారు విడువరైరి. అయినను 1667 నాటి చట్టము కొయ్యగోడలను నిషేధించి ఇటుకతోగాని రాతితోగాని కట్టవలెనని శాసించెను. కొన్ని వీధులను వెడల్పు చేయించెను. జనులు పాతచోటనే నిలిచిరి. కట్టు సామగ్రి మారెను. నా యభిప్రాయమున మన వాడలకును ఇదియే తగిన మార్గము.

మన పట్నముననే దీనికి విరుద్ధమైన యుదాహరణ మూరు మార్కెట్టు. పురపాలక సంఘాధ్యక్షుడు సర్ జార్జి మూరు 1898లో పునాది వేయగా, 1900లో తెరువబడిన ఆ యెఱ్ఱని భవనము సెంట్రలు స్టేషను ప్రక్కనుండెడిది. పాత పుస్తకములకు అది పుట్టినిల్లు. తెలుగు, తమిళము, ఇంగ్లీషు పుస్తకములు ఒకే కుప్పలో దొరకెడివి. బేరమాడుట తెలిసిన విద్యార్థికి అది గ్రంథాలయముకంటె మిన్న. 1985 మే 30న అది కాలిపోయెను. దానిని మరల కట్టలేదు. ఆ స్థలమున రైల్వేవారి సబర్బను స్టేషను భవనము వెలసినది. వర్తకులకు దాపుననే వేరు కట్టడము ఇచ్చిరి. వ్యాపారము జరుగుచునేయున్నది, కాని పాతవారిని అడిగిన, అంగళ్లు దొరకినవి గాని మార్కెట్టు దొరకలేదని నిట్టూర్తురు.

ఇక బడులమాట. 2004 జూలై 16న కుంభకోణమున ఒక పాఠశాలలో మధ్యాహ్న భోజనపు వంటశాలయందు నిప్పు పుట్టి మీది యంతస్తు తాటాకు కప్పును పట్టుకొనెను. ఇరుకైన మెట్లదారిన దిగలేక 94 మంది చిన్నపిల్లలు మరణించిరి. పిమ్మట తమిళనాట బడులమీది తాటాకు కప్పులు తొలగింపబడినవి. 2009లో సుప్రీముకోర్టు దేశములోని బడులన్నియు అగ్నిభద్రతా నియమములను పాటింపవలెనని తీర్పు చెప్పెను. కాంక్రీటు కప్పు వేసినంతమాత్రమున పని ముగిసినదనుకొనరాదు. 2025 మే 18న హైదరాబాదులో చార్మినారు సమీపమున గుల్జార్ హౌజు వద్ద ఒక యింట 17 మంది చనిపోయిరి. అచట తాటాకు లేదు. బయటపడుటకు ఒకే యిరుకు దారి. అదియు పొగతో నిండెను.

తక్కువ వ్యయముతో చేయదగిన పనులు లేకపోలేదు. తాటాకు కప్పుమీద మట్టిపూత వేసిన రవ్వలు దానిని అంత సులభముగా పట్టుకొనజాలవు. వానకు కరగని మట్టిపూతను రూర్కీలోని కేంద్రీయ భవన పరిశోధన సంస్థవారు చాలకాలము క్రిందటనే రూపొందించిరి. ఆస్బెస్టాసు రేకు మండదు. కాని వేడికి పగిలి ముక్కలెగురును, దాని ధూళి ఊపిరితిత్తులకు హానికరము. పెంకు దానికంటె మేలు. ఇంటికి ఇంటికి నడుమ కొంత ఎడము, వాడలోనికి ఫైరింజను దూరగల ఒక్క బాట – ఈ రెండును మరల కట్టుకొను మొదటివారములోనే నిర్ణయింపవలెను. కొయ్యలు పాతుకొనిన పిమ్మట ఎవరును అడుగైనను జరుగరు. ప్రతివారు ఒక మూర వదలుకొన్నచో బాట యేర్పడును. ఈ మాట అధికారులు చెప్పుటకంటె వాడపెద్దలు చెప్పిన వినుదురు. గ్యాసు సిలిండరు తలుపుదారి కడ్డముగా నుండరాదు. పిల్లల సర్టిఫికెట్ల నకళ్లు బడిలో నొక ప్రతి యుంచవచ్చును.

ఫైరింజను కొరకు 101కి ఫోను చేయునపుడు వాడపేరు చెప్పిన చాలదు. బండి ఏ వీధివైపునుండి రాగలదో చెప్పవలెను. అది వచ్చులోగా కప్పులు లాగుటకు, చివర ఇనుప కొక్కెము బిగించిన పొడుగాటి వెదురుగడలు రెండు వాడ మొదట అందరికిని కనబడుచోట ఆనించి యుంచవలెను. ఎవరి యింటిలోనో పెట్టి తాళము వేసికొనరాదు.