మంచుకు మంచే కంచె

ఉష్ణమును కొలుచు కెలోరిమీటరు రాగిపాత్ర చుట్టును కూరిన దూది వేడిమిని పూర్తిగా ఆపగలదా యని తరగతిలో విద్యార్థి యడిగినచో, ఆపలేదనియే చెప్పవలసియుండును. కాచిన ఇనుపగుండును చన్నీటిలో వేసిన పిమ్మట, రెండును ఒకే ఉష్ణోగ్రతకు వచ్చులోపలనే కొంత వేడిమి గదిపాలగును. దూది దానిని ఆలస్యము చేయునే గాని నివారింపజాలదు. 1782-83 శీతకాలమున పారిస్‌లో లెవోయిజర్, లాప్లాస్ పండితులు వాడిన మంచు కెలోరిమీటరు సొగసంతయు ఈ చిక్కును విప్పిన తీరులోనే యున్నది.

అందు ఒకదానిలో నొకటి యిమిడిన అరలు మూడు. నడుమనున్న ఇనుపతీగల బుట్టలో కాచిన వస్తువు నుంతురు. దాని చుట్టునున్న అరలో మంచుముక్కలు. వస్తువు సున్న డిగ్రీలకు చల్లారువరకు విడిచిన ఉష్ణము వానిని కరగింపగా, ఆ నీరు అడుగు కుళాయి గుండ దిగును. నీటిని తూచిన చాలును, ఉష్ణమెంతయో తేలును, ఉష్ణమాపకముతో పనిలేదు. వెలుపలి అరలోను మంచే. గది నుండి వచ్చు వేడిమినంతయు అది తానే మ్రింగి, కరగి, వేరొక దారిని వెడలును. కరగుచున్నంతసేపు దాని ఉష్ణోగ్రత సున్నను దాటదు. లోపలి మంచును సున్నయే, వెలుపలి మంచును సున్నయే. సమోష్ణములైన వస్తువుల నడుమ ఉష్ణము ప్రవహింపదు గనుక, గది లోని వేడిమి లోపలి మంచును తాకజాలదు. ఉష్ణసమత్వము ప్రయోగమునకు ముగింపు మాత్రమేయని తలచువారికి, అదియే ప్రాకారమై నిలుచుట ఇచట కానవచ్చును.

గ్రాము మంచు కరగుటకు 80 కెలోరీలు కావలెను. అందుచేత 100 డిగ్రీలకు కాచిన కిలో నీరు 1250 గ్రాముల మంచును కరగించునెడ, అంతే కాగిన కిలో ఇనుము సుమారు 135 గ్రాములతో సరిపుచ్చును. ఈ తారతమ్యమే విశిష్టోష్ణము. లెవోయిజర్, లాప్లాస్‌లు అంతటితో నాగక, బుట్టలో గినీపందిని కూర్చుండబెట్టి, పది గంటలలో అది 13 ఔన్సుల మంచును కరగించుట చూచి, అది విడిచిన బొగ్గుపులుసు వాయువుతో సరిపోల్చి, శ్వాసక్రియ మందముగ సాగు దహనమేయని వాదించిరి.

అయితే గది సున్నకు దిగువ చల్లబడినచో, కంచెయే లోపలి మంచును చల్లబరచును. పైగా కరగిన నీరు ముక్కల సందులనే అంటుకొని దిగదని ఇంగ్లాండులో పింగాణి పాత్రలకు పేరొందిన జోసయ్య వెడ్జివుడ్ ఆక్షేపించెను.  1870లో జర్మనీ శాస్త్రజ్ఞుడు బున్సెన్, నీటిని తూచుట మాని, కరగునపుడు మంచు ఘనపరిమాణములో వచ్చు తగ్గుదలను పాదరసముతో కొలిచెను. నీరు మంచును అంటుకొన్నను అంటకున్నను ఆ లెక్కకు భంగము లేదు.