కాగితమా, స్టీలా? కాఫీ వడపోతపై అపోహలు – వాస్తవాలు

రేగొండ చాయ్ ఊరు. పరకాల నుంచి భూపాలపల్లి పోయే బస్సు దిగి ఏ హోటల్లో కూచున్నా ముందొచ్చేది చాయే. కాఫీ కావాలంటే వేడి పాలల్లో ఇన్‌స్టంట్ పొడి వేసి, నురుగొచ్చేలా తిరగబోసి ఇస్తారు. అలాంటి ఊళ్లో ఇప్పుడు మా వంటింటి అరలో మూడు రకాల వడపోతలున్నాయి. ఒకటి నా పెళ్లినాటి స్టీలు ఫిల్టర్. రెండోది మా అక్క కొడుకు బెంగళూరు నుంచి తెచ్చిన పింగాణీ గరాటు, దానికి కాగితాల కట్ట. మూడోది సన్నని జాలీతో చేసిన స్టీలు కోను. గరాటులో పొడి వేసి పైనుంచి కొద్దికొద్దిగా వేడినీళ్లు పోయడమే పోర్‌ఓవర్. కాగితం పెట్టాలా, జాలీ పెట్టాలా అన్న దగ్గరే మా ఇంట్లో మాట తెగలేదు.

"కాయితాలు మాటిమాటికి కొనుడు దండుగ మామా. స్టీలుది ఒక్కసారి కొంటే జన్మంత నడుస్తది" అన్నాడు అల్లుడు. వాళ్ల నాయనకూ అలాంటిదే ఒకటి కొనిచ్చాడు. మా బావకు చెడు కొలెస్ట్రాల్ ఎక్కువని అప్పటికే రిపోర్టు వచ్చింది. చాయ్ మానేసి, ఆరోగ్యమని రోజుకు నాలుగు సార్లు ఆ జాలీ కాఫీ తాగడం మొదలుపెట్టాడు. నేను ఈ విషయం చదవడం మొదలుపెట్టింది ఆయన కోసమే.

అపోహ: వడపోత ఏదైనా కప్పులో దిగేది ఒకే కాఫీ.

వాస్తవం: ఒకటి కాదు. కాఫీ గింజలో నూనె ఉంటుంది. ఆ నూనెలో కెఫెస్టాల్, కాహ్వియోల్ అనే రెండు పదార్థాలుంటాయి. మన కాలేయం కొలెస్ట్రాల్‌ను పైత్యరస ఆమ్లాలుగా మార్చి ఖర్చు చేస్తుంది కదా, కెఫెస్టాల్ ఆ పనిని మందగింపజేస్తుంది. ఖర్చు కావలసింది రక్తంలో మిగిలిపోతుంది. కాగితం ఆ నూనెను పీల్చుకుని పట్టేస్తుంది. స్టీలు జాలీ కంటికి ఎంత సన్నగా కనిపించినా నూనె బొట్టును ఆపలేదు.

ఈ గుట్టు బయటపడింది చలిదేశాల్లో. నార్వేలో కాఫీపొడిని నీళ్లలో మరిగించి, మడ్డి అడుగుకు దిగాక పైతేట తాగడం పాత అలవాటు. ట్రోమ్సో పట్టణంలో జరిగిన గుండె ఆరోగ్య సర్వే, కాఫీ ఎక్కువ తాగేవాళ్లలో కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉందని 1983లో చూపింది. తర్వాతి పరిశోధనలు వేలు పెట్టి చూపింది మరిగించిన కాఫీనీ, అందులోని నూనెనూ. 2025లో స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఉద్యోగులు పనిచేసే చోట్ల ఉండే 14 కాఫీ యంత్రాలను పరీక్షించారు. కాగితంలో వడకట్టిన కాఫీలో లీటరుకు సుమారు 12 మిల్లీగ్రాముల కెఫెస్టాల్ ఉంటే, లోహపు జాలీ యంత్రాల కాఫీలో సుమారు 175 ఉంది. మరిగించిన కాఫీలో 900 దాటింది. అదే మరిగించిన కాఫీని బట్టలో వడకడితే 30 లోపుకు పడిపోయింది. వడకట్టే గుడ్డ మన చాయ్ హోటళ్లలో ఈనాటికీ ఉంది. దాన్ని నామోషీగా చూడాల్సిన పని లేదని ఈ ఒక్క అంకె చాలు చెప్పడానికి.

మా ఊరి హోటళ్లలో ఇచ్చే ఇన్‌స్టంట్ కాఫీ మాటేమిటంటే, దాని తయారీలోనే నూనె దాదాపు అంతా పోతుంది. కాబట్టి ఈ ఒక్క లెక్కలో మా హోటల్ కాఫీ, మా బావ జాలీ కాఫీ కన్నా మేలు. వినడానికి ఆయనకు కష్టంగానే అనిపించింది.

అపోహ: పాలు, చక్కెర లేకుండా నల్లగా తాగితే కొలెస్ట్రాల్ భయం లేదు.

వాస్తవం: మా బావ నమ్మకం ఇదే. పాలు మానితే పాల కొవ్వు తగ్గుతుంది. కెఫెస్టాల్ పాలల్లోంచి రాదు, గింజలోంచి వస్తుంది. పాలు తీసేసినా అది అక్కడే ఉంటుంది. అటువైపు నుంచీ ఒక మాట చెప్పాలి. బర్రెపాలల్లో వెన్న 6, 7 శాతం ఉంటుంది. సగం గ్లాసు చిక్కటి బర్రెపాలు, రెండు చెంచాల చక్కెర పోసుకుంటూ వడపోత గురించి మాత్రమే బెంగపడితే ఆ బెంగ సగమే. మందులు వాడుతున్నవాళ్లు కాగితం మార్చాం కదా అని గోళీలు ఆపకూడదు. వడపోత మందు కాదు, దారిలో ఉన్న ఒక రాయిని తీయడం మాత్రమే.

అపోహ: అరకు కాఫీ, సేంద్రియ కాఫీ అయితే ఏ నూనె గొడవా ఉండదు.

వాస్తవం: అరకు పేరు చెబితే నాకు గర్వమే. గిరిజన రైతులు నీడచెట్ల కింద పెంచిన అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ, మనం జీసీసీ అనేది, ఆ గింజను కొని అమ్ముతున్నది. కానీ కెఫెస్టాల్ పురుగుమందుల అవశేషమో కల్తీయో కాదు, గింజ స్వభావం. పైగా రోబస్టా కన్నా అరబికాలోనే అది ఎక్కువ. మంచి గింజ కొన్నవాళ్లకే వడపోత గురించి ఎక్కువ ఆలోచన అవసరం.

అపోహ: కాగితం కెఫీన్‌ను పట్టేస్తుంది, అందుకే కాఫీ పల్చన.

వాస్తవం: కెఫీన్ నీళ్లలో కరిగిపోతుంది, కాగితం దాన్ని ఆపదు. రాత్రి నిద్ర పట్టనివాళ్లకు ఏ వడపోతైనా ఒకటే. పల్చనగా అనిపించేది నూనె, సన్నపొడి లేకపోవడం వల్ల. జాలీ కాఫీ నాలుక మీద బరువుగా, చిక్కగా కూర్చుంటుంది, అడుగున కాస్త మడ్డి మిగులుతుంది. కాగితం కాఫీ తేటగా ఉంటుంది, గింజలోని పులుపు, పండు వాసన విడివిడిగా తెలుస్తాయి. ఏది రుచి అన్నది ఎవరి నోటికి వాళ్లే చెప్పుకోవాలి. నాకైతే పొద్దున చిక్కగా కావాలి, సాయంత్రం తేటగా.

అపోహ: స్టీలు ప్రకృతికి మేలు, కాగితం చెత్త.

వాస్తవం: రోజుకు రెండు కాగితాలంటే ఏడాదికి 730. ఒక్కోటి నాలుగు రూపాయలు వేసుకున్నా 2,920 రూపాయలు. ఖర్చు విషయంలో అల్లుడి మాట నిజం. చెత్త విషయంలో కాదు. వడపోత కాగితం మట్టిలో కలిసిపోయేదే. పిప్పితో సహా మూటగట్టినట్టు తీసి పెంటకుప్పలో వేస్తే ఎరువవుతుంది. ఒక్క జాగ్రత్త: పచ్చి పిప్పిని నేరుగా నారుమళ్ల మీదో పూలకుండీల్లోనో దట్టంగా చల్లొద్దు. లేత మొక్కల ఎదుగుదలను అది అడ్డుకుంటుంది. పెంటలో మాగనివ్వాలి. ఇక స్టీలు కోను మేలంటే, సంవత్సరాల తరబడి వాడితేనే. మోజు తీరి ఆరు నెలలకు అటక ఎక్కిస్తే అది తయారైన శ్రమంతా వృథా.

అపోహ: గోధుమరంగు కాగితం ఆరోగ్యం, తెల్లదాన్లో విషం.

వాస్తవం: 1980లలో క్లోరిన్‌తో తెల్లబరిచిన కాగితాల్లో డయాక్సిన్ జాడలు దొరికి పెద్ద ఆందోళన లేచింది. ఆ భయం నిరాధారం కాదు. దానివల్లే తయారీదారులు ఆక్సిజన్ వంటి పద్ధతులకు మళ్లారు. తెలుపు చేయని కాగితానికే కాగితపు వాసన ఎక్కువ. ఏ రంగుదైనా పొడి వేసేముందు వేడినీళ్లతో తడిపి ఆ నీళ్లు పారబోస్తే సరి. చేతులు తుడుచుకునే టిష్యూ మాత్రం పెట్టొద్దు, తడిస్తే చిరిగి కప్పులో పడుతుంది.

అపోహ: జాలీకి సబ్బు తగిలితే రుచి పోతుంది, నీళ్లతో కడిగితే చాలు.

వాస్తవం: ఇది మా ఇంట్లో చాలాకాలం నడిచింది. జాలీ కళ్లలో నిలిచిన నూనె కొద్ది రోజులకే ముక్కిపోతుంది. మాసిన వాసన వస్తుంటే పొడి బాగాలేదని కొత్త పాకెట్లు మార్చేవాళ్లం. ప్రతిసారీ సబ్బు, మెత్తటి బ్రష్షు; పదిహేను రోజులకోసారి వంటసోడా కలిపిన వేడినీళ్లలో నానబెట్టడం. బోరు నీళ్లు వాడితే రంధ్రాల్లో తెల్లగా సున్నం కడుతుంది, దానికి నిమ్మఉప్పు నీళ్లు. కాగితంలో ఈ చాకిరీ లేదు. పని ఎక్కువున్న ఇంట్లో ఇదీ లెక్కలోకి రావాలి.

పొడి విషయం కూడా ఇక్కడే చెప్పేస్తాను. మన ఫిల్టర్ కోసం ఆడించిన సన్నపొడి జాలీ కోనులో వేస్తే కిందికి జారి మడ్డవుతుంది, కాగితంలో వేస్తే బురదలా అడ్డుపడి నీళ్లు దిగవు, కాఫీ చేదెక్కుతుంది. చికోరీ కలిసిన పొడి మరీ మొరాయిస్తుంది. కాగితానికి బొంబాయి రవ్వంత, జాలీకి చక్కెర పలుకంత బరక ఉంటే బాగుంటుంది.

అపోహ: కాగితం విదేశీ పద్ధతి, మన స్టీలు ఫిల్టర్‌తో దానికి పొత్తు కుదరదు.

వాస్తవం: 1908లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో మెలిటా బెంట్జ్ అనే గృహిణి మడ్డి లేని కాఫీ కోసం చేసిందేమిటి? ఒక ఇత్తడి గిన్నె అడుగున రంధ్రాలు పొడిచి, కొడుకు నోటు పుస్తకంలోని అద్దుడు కాగితాన్ని అందులో పరిచింది. పేటెంటూ పొందింది. అంటే కాగితపు వడపోత పుట్టిందే లోహపు రంధ్రాల మీద. మన ఫిల్టర్ పైగిన్నె అడుగూ అలాంటిదే. వడపోత కాగితాన్ని గుండ్రంగా కత్తిరించి అందులో పరిచి, తడిపి, పైన పొడి వేయొచ్చు. డికాక్షన్ దిగడం ఆలస్యమవుతుంది, కాబట్టి రాత్రే పోసుకోవాలి. కాగితం గిన్నె అంచుదాకా సరిపోవాలి, లేకుంటే పక్కనుంచి నూనె దిగిపోతుంది.

మన ఫిల్టర్‌ను మరిగించిన కాఫీతో జమకట్టి భయపెట్టడమూ సరికాదు. మందంగా అణచిన పొడే ఒక వడపోత, నూనెలో ఎక్కువ భాగం ఆ పిప్పిలోనే నిలిచిపోతుంది. దాన్ని దాటి వచ్చినదాన్ని కాగితం పట్టుకుంటుంది. కొలెస్ట్రాల్ బాధ లేనివాళ్లు రోజుకు ఒకటి రెండు కప్పులు ఏ వడపోతతో తాగినా నేను కాదనను. రిపోర్టు బాగాలేనివాళ్లు, నాలుగైదు కప్పులు తాగేవాళ్లు కాగితమే వాడాలి, దీనిలో నాకు రెండో మాట లేదు.

ఇప్పుడు పొద్దున మా ఇంట్లో రెండు రకాలు దిగుతాయి. స్టీలు కోనులోది నాకు. గరాటులో కాగితం పెట్టి దింపింది బావకు. మొదటి రోజు గుటక వేసి, "నీళ్లలెక్కున్నది బామ్మర్దీ" అన్నాడు. పొడి ఒక చెంచా పెంచాను. నాలుగో రోజు కాగితాల కట్ట ఎక్కడ దొరుకుతుందని ఆయనే అడిగాడు.