తెలిసిన కథ, తరగని ఆసక్తి: ‘మాయాబజార్’ పునర్వీక్షణ – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

కథ, ముగింపు, హాస్య సన్నివేశాలు అన్నీ తెలిసిన తరువాత కూడా కొన్ని చలనచిత్రాలు ప్రేక్షకులను మళ్ళీ మళ్ళీ రప్పించుకుంటాయి. ఈ ఆకర్షణకు అభిమానం, గతస్మృతి మాత్రమే కారణాలు కావని, చిత్ర కథానిర్మాణంలోనే అందుకు తగిన బీజాలుంటాయని ‘మాయాబజార్’ (1957) ఆధారంగా నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం. కథనం, నటన, భాష అనే మూడు అంశాల మీద ఈ పరిశీలన సాగుతుంది.

కీలక పదాలు: పునర్వీక్షణ, నాటకీయ వ్యంగ్యం, మాయాబజార్, పింగళి నాగేంద్రరావు, పదనిర్మాణం.

1. ఉపోద్ఘాతం

ఒక చిత్రాన్ని పదేపదే చూడటానికి కారణమేమిటని అడిగితే సాధారణంగా వచ్చే సమాధానం అభిమానం. నటుని మీద ఇష్టం, పాటల మీద మక్కువ, చిన్ననాటి జ్ఞాపకం – ఇవన్నీ నిజమైన ప్రేరణలే. అయితే ఇవి ప్రేక్షకుని వైపు నుంచి చెప్పే కారణాలు. అదే నటుడు, అదే సంగీత దర్శకుడు పనిచేసిన అనేక చిత్రాలు మరుగున పడిపోగా, కొన్ని మాత్రమే తరాలు దాటి నిలవడానికి ఈ కారణాలు చాలవు. కాబట్టి ప్రశ్నను చిత్రం వైపు నుంచి వేయాలి. అంతా తెలిసిన ప్రేక్షకునికి ఆ చిత్రం కొత్తగా ఇస్తున్నదేమిటి?

ఈ ప్రశ్నకు ‘మాయాబజార్’ సరైన ఉదాహరణ. విజయా సంస్థ పక్షాన నాగిరెడ్డి, చక్రపాణి నిర్మించగా కె.వి. రెడ్డి దర్శకత్వం వహించిన ఈ చిత్రం 1957 మార్చి 27న విడుదలైంది. మాటలు, పాటలు పింగళి నాగేంద్రరావు రాశారు. మార్కస్ బార్ట్‌లీ ఛాయాగ్రహణం, మాధవపెద్ది గోఖలే, కళాధర్‌ల కళాదర్శకత్వం, ఘంటసాల సంగీతం దీనికి అమరాయి. కొన్ని పాటల బాణీలు సాలూరి రాజేశ్వరరావువి. భారతీయ సినిమా నూరేళ్ళ సందర్భంగా 2013లో సీఎన్ఎన్-ఐబీఎన్ ఛానెల్ నిర్వహించిన ఎంపికలో అత్యుత్తమ భారతీయ చిత్రంగా దీనికే ప్రథమస్థానం లభించింది. అరవై ఏళ్ళు దాటిన చిత్రానికి దక్కుతున్న ఈ ఆదరణకు మూలం దాని నిర్మాణంలోనే వెతకాలి.

2. తెలిసిన కథను వినే సంప్రదాయం

తెలిసిన కథనే మళ్ళీ వినడం తెలుగువారికి సినిమాతో వచ్చిన అలవాటు కాదు. తోలుబొమ్మలాట, హరికథ, వీధినాటకం, పద్యనాటకం – ఏ ప్రదర్శనలోనైనా కథ ప్రేక్షకులకు ముందే తెలుసు. రాయబారం విఫలమవుతుందని తెలిసే కృష్ణ రాయబారం చూశారు. ఒకే పద్యాన్ని ‘వన్స్‌మోర్’ అని మళ్ళీ పాడించుకున్న ప్రేక్షకులు ఏం జరుగుతుందన్న ఉత్కంఠతో అక్కడ కూర్చోలేదు. ఎలా పాడతాడన్నదే వారి ఆసక్తి. కథ ‘ఏమిటి’ అన్నది స్థిరంగా ఉన్నప్పుడు, దృష్టి ‘ఎలా’ అన్నదాని మీదకు మళ్ళుతుంది. రసస్పర్శ ఉంటే పాత అర్థాలు కూడా కొత్తగా భాసిస్తాయని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం నాలుగవ ఉద్ద్యోతంలో ప్రతిపాదించినదీ ఇదే విషయం.

‘మాయాబజార్’ కథ కూడా ఈ సంప్రదాయం నుంచి వచ్చినదే. వ్యాసభారతంలో గానీ, కవిత్రయ భారతంలో గానీ శశిరేఖ లేదు. అక్కడ అభిమన్యుని భార్య ఉత్తర. శశిరేఖా పరిణయం జానపద కల్పన. సురభి నాటక సమాజాలు దీనిని రంగస్థలం మీద ప్రసిద్ధం చేశాయి. 1936లోనే ఇది తెలుగులో చలనచిత్రంగా వచ్చింది. అంటే 1957లో తొలి ఆట చూసిన ప్రేక్షకుల్లో చాలామంది ఒక అర్థంలో అప్పటికే పునర్వీక్షకులు. ఆ ప్రేక్షకుణ్ణి దృష్టిలో పెట్టుకొనే కె.వి. రెడ్డి, పింగళి కథనాన్ని తీర్చారని చిత్ర నిర్మాణం సూచిస్తుంది.

3. దాపరికం లేని కథనం

ఆశ్చర్యానికీ ఉత్కంఠకూ మధ్య భేదాన్ని ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ ఒక ప్రసిద్ధమైన ఉదాహరణతో వివరించారు. బల్ల కింద బాంబు ఉన్నట్లు ప్రేక్షకులకు తెలియకపోతే అది పేలినప్పుడు క్షణకాలం ఆశ్చర్యపోతారు. ముందే తెలిస్తే పాత్రలు మాట్లాడుకున్నంతసేపూ ఉత్కంఠను అనుభవిస్తారు. ఆశ్చర్యం మొదటి వీక్షణతోనే ఖర్చయిపోతుంది. ప్రేక్షకునికి తెలిసి పాత్రకు తెలియని స్థితి మాత్రం ఎన్నిసార్లు చూసినా అలాగే ఉంటుంది. దీనినే విమర్శకులు నాటకీయ వ్యంగ్యం అంటారు.

‘మాయాబజార్’ ఉత్తరార్ధమంతా ఈ వ్యంగ్యం మీదే నిలిచింది. ఘటోత్కచుడు నిద్రిస్తున్న శశిరేఖను పానుపుతో సహా తన ఆశ్రమానికి చేర్చడం, తానే శశిరేఖ రూపం ధరించి ద్వారకలో ప్రవేశించడం, చిన్నమయ్య బృందం మాయానగరాన్ని సృష్టించడం – ప్రతి మాయా ప్రేక్షకుని కళ్ళ ముందే జరుగుతుంది. మాయ ఎవరిదో, ఎందుకో తెలియనిది కౌరవ బృందానికే. దర్శకుడు ప్రేక్షకుని దగ్గర ఏ రహస్యమూ దాచలేదు. అందువల్ల రెండోసారి చూసేటప్పుడు కోల్పోయేది కూడా ఏమీ ఉండదు. మొదటిసారి చూసేవానికీ పదోసారి చూసేవానికీ శకుని మోసపోతున్న తీరు ఒకే దూరం నుంచి కనిపిస్తుంది.

విజయా సంస్థవే అయిన మరి రెండు చిత్రాలు ఈ ప్రతిపాదనను బలపరుస్తాయి. ‘మిస్సమ్మ’ (1955)లో నాయికానాయకులు భార్యాభర్తలు కారని జమీందారు కుటుంబానికి తెలియదు, ప్రేక్షకునికి తెలుసు. ‘గుండమ్మ కథ’ (1962)లో పనివాడిగా చేరిన అంజి నిజానికి సంపన్నుని కుమారుడని గుండమ్మకు తెలియదు, ప్రేక్షకునికి తెలుసు. నేటికీ మళ్ళీ మళ్ళీ చూసే పాత చిత్రాలలో ఈ మూడింటికీ స్థానం ఉండటం, మూడింటి కథనానికీ ఇదే జ్ఞానభేదం ఇరుసుగా ఉండటం యాదృచ్ఛికం అనిపించదు.

దీనికి భిన్నంగా వంశీ ‘అన్వేషణ’ (1985) వంటి అపరాధ పరిశోధక చిత్రంలో హంతకుడెవరన్నది ప్రేక్షకునికీ తెలియదు. ఆ చిత్రాన్నీ మళ్ళీ చూసేవారున్నారు. అయితే రెండవ వీక్షణలో వారి ఆసక్తి ఇళయరాజా సంగీతం మీదకు, అడవి చిత్రణ మీదకు తరలిపోతుంది. కథ తన ప్రధానమైన పనిని మొదటిసారే ముగించేసింది. ‘మాయాబజార్’లో కథ ప్రతిసారీ పనిచేస్తూనే ఉంటుంది.

4. నటనలోని రెండు పొరలు

పునర్వీక్షణకు అత్యధికంగా ప్రతిఫలమిచ్చే అంశం మాయాశశిరేఖ పాత్రలో సావిత్రి నటన. ఇక్కడ నటి ఒక స్త్రీ పాత్రను పోషించడం లేదు. స్త్రీ వేషం ధరించిన రాక్షస వీరుణ్ణి పోషిస్తున్నది. ఆ రాక్షసుడు అంతకు ముందే ఎస్.వి. రంగారావు శరీరంలో ప్రేక్షకునికి పరిచయమయ్యాడు. అతని నడక, కనుబొమల విరుపు, చేతుల విసురు సావిత్రి శరీరంలో క్షణకాలం తొంగిచూసి, ఎవరైనా రాగానే సిగ్గులోకి ఒదిగిపోతాయి. పెళ్ళి పాటలో సుశీల గొంతు నడుమ ఘంటసాల గొంతు పలకడం ఈ ద్వంద్వాన్ని శబ్దస్థాయిలో కూడా నిర్మిస్తుంది.

మొదటిసారి చూసేవారు సాధారణంగా ఫలితాన్ని, అంటే రేలంగి పోషించిన లక్ష్మణకుమారుని అవస్థను చూసి నవ్వుతారు. కథ మీది శ్రద్ధ తగ్గిన తరువాతి వీక్షణల్లో కన్ను కారణం వైపు, అంటే సావిత్రి ఏ క్షణంలో ఏ పొర నుంచి మరే పొరకు మారుతున్నదో దాని వైపు వెళుతుంది. అలా ఒకే సన్నివేశం మొదట హాస్యంగా, తరువాత అభినయపాఠంగా అనుభవానికి వస్తుంది.

5. మాటల పుట్టుక

పింగళి కల్పించిన ‘అసమదీయులు’, ‘తసమదీయులు’ అనే మాటలు తెలుగువారి నిత్యవ్యవహారంలోకి, పత్రికల రాజకీయ పరిభాషలోకి చేరాయి. నవ్వు తెప్పించే ఈ మాటల నిర్మాణం చాలా క్రమబద్ధమైనది. ‘మనవారు’ అనే అర్థమున్న సంస్కృత శబ్దం ‘అస్మదీయులు’లోని సంయుక్తాక్షరం జనవ్యవహారంలో వలె విడిపోయి ‘అసమదీయులు’ అయింది. ఆపై మొదటి అచ్చును ఒక ప్రత్యయంలా భావించి, దాని స్థానంలో ‘త’కారాన్ని చేర్చగా ‘పరాయివారు’ అనే అర్థంలో ‘తసమదీయులు’ పుట్టింది. ఇది భాషాశాస్త్రం చెప్పే సామ్యకల్పనకు చక్కని ఉదాహరణ.

‘గింబళి’, ‘గిల్పం’ ఇంకా లోతైన ప్రయోగాలు. కంబళి–గింబళి, తల్పం–గిల్పం అనే జంటల్లో రెండవ మాట ‘పుస్తకం గిస్తకం’ వంటి ప్రతిధ్వని శబ్దం. వ్యవహారంలో దానికి విడిగా అర్థం ఉండదు. ‘మాయాబజార్’లో మాత్రం గింబళి, గిల్పం తమవైన చేష్టలున్న వస్తువులై తెర మీద కనిపిస్తాయి. అర్థంలేని శబ్దానికి వస్తువును సృష్టించడం మాయ. శబ్దానికి అర్థాన్ని కల్పించడం కవిత్వం. ఈ రెండూ ఒకటేనన్న భావన రాక్షసుల అల్లరి వెనుక దాగి ఉంది. ఎవరూ పుట్టించనిదే మాటలు పుట్టవన్న ఘటోత్కచుని అభిప్రాయం ఈ సందర్భంలో హాస్యోక్తి స్థాయిని దాటి, పదనిర్మాణం మీద ఒక సిద్ధాంతంగా వినిపిస్తుంది. బాల్యంలో శబ్దానికి నవ్వినవారు ఈ సిద్ధాంతాన్ని గుర్తించడం తరువాతి వీక్షణల్లోనే సాధ్యం.

6. ఆలస్యంగా కనిపించే వెలితులు

పునర్వీక్షణ మెచ్చుకోలుకు మాత్రమే దారితీయదు. తొలి వీక్షణలో గమనానికి రాని వెలితులను కూడా అది చూపుతుంది. భారతకథ మీద ఆధారపడిన ఈ చిత్రంలో పాండవులు ఒక్కసారీ కనిపించరు. వారు జూదంలో రాజ్యం కోల్పోయిన వార్త మాత్రం బలరాముని ఇంటి పెళ్ళిమాటను తలకిందులు చేస్తుంది. మహాయుద్ధానికి దారితీసే జూదాన్ని ఒక ఇంటి సంబంధం చెడిపోవడంగా చూపడంలో ఈ చిత్రం తెలుగుదనం ఉంది. విడిదిలో మగపెళ్ళివారి దర్పం, వియ్యాలవారి విందులో గోంగూర ప్రస్తావన కూడా ద్వారకను తెలుగు ఊరిగా మార్చేవే.

మరొక వెలితి శశిరేఖకు సంబంధించినది. పూర్వార్ధంలో తన ఇష్టాన్ని స్పష్టంగా తెలిపిన శశిరేఖ, ఉత్తరార్ధంలో దాదాపు తెర మీద లేదు. ఆమె రూపం మాత్రమే ద్వారకలో మిగిలింది. ఆ రూపంతో పెళ్ళికొడుకును ఎదిరించి, కాలు తొక్కి, పెళ్ళి చెడగొట్టినది ఘటోత్కచుడు. నాయిక చేయదగిన తిరుగుబాటును ఆమె శరీరాన్ని ధరించిన పురుషపాత్ర చేసింది. ఆ తిరుగుబాటు ప్రేక్షకులకు అంతగా నచ్చడానికి తెర మీద సావిత్రి కనిపించడమే కారణమా, అది నిజమైన శశిరేఖ చేసి ఉంటే 1957 నాటి ప్రేక్షకులు అలాగే నవ్వేవారా అన్న ప్రశ్నలు పరిశోధనకు అర్హమైనవి. చిత్రం మీది ప్రేమ ఈ ప్రశ్నలకు అడ్డు రానక్కరలేదు. పలుమార్లు చూసినవారే వీటిని అడగగలరు.

7. ముక్కలుగా చూడటం

నేటి వీక్షణ విధానంలో ఒక ముఖ్యమైన మార్పు వచ్చింది. గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ రంగులద్దిన ‘మాయాబజార్’ 2010 జనవరి 30న కొంత తగ్గిన నిడివితో థియేటర్లలో విడుదలై కొత్త తరానికి చేరువైంది. ఆ తరువాత చరవాణి తెరల మీద విందు పాట, పెళ్ళి పాట, రాక్షస పాఠశాల విడివిడి ఖండికలుగా వ్యాపించాయి. చాలామంది విద్యార్థులకు ‘మాయాబజార్’ అంటే ఈ ఖండికలే.

ఖండిక హాస్యాన్ని ఇస్తుంది, జ్ఞానభేదాన్ని ఇవ్వదు. రంగారావు నడకను ముందుగా చూడనివారికి సావిత్రి నడకలోని రెండవ పొర అందదు. కృష్ణుడిచ్చిన ప్రియదర్శిని పేటికలో బలరామునికి దుర్యోధనుడు, రేవతికి మణులు, శశిరేఖకు అభిమన్యుడు కనిపించిన తొలి సన్నివేశం తెలియనివారికి తరువాతి కుటుంబ కలహం తర్కం అందదు. సత్యపీఠం మీద నిలిచి శకుని తన కుట్రను తానే వెల్లడించే సన్నివేశమూ అంతే. ఎన్నిసార్లు చూసినా ముక్కను చూడటం పునర్వీక్షణ కాదు, పునరావృత్తి మాత్రమే.

8. ముగింపు

పై పరిశీలన మూడు విషయాలను స్పష్టం చేస్తుంది. ఒకటి, ప్రేక్షకుని దగ్గర రహస్యం దాచని కథనం పునర్వీక్షణను తట్టుకుంటుంది. రెండు, కథాసక్తి తగ్గినప్పుడు అనుభవానికి వచ్చే అభినయ, భాషా పొరలు చిత్రంలో ముందే సిద్ధంగా ఉండాలి. మూడు, పునర్వీక్షణ ఆరాధనతో పాటు విమర్శకూ మార్గం వేస్తుంది. ఈ మూడింటికీ అవసరమైన షరతు చిత్రాన్ని సమగ్రంగా చూడటం. తెలుగు శాఖల్లో సినిమా సాహిత్యాన్ని పాఠ్యాంశంగా బోధిస్తున్న ఈ కాలంలో సంభాషణల ప్రతిని, పాటల సాహిత్యాన్ని మాత్రమే చర్చించి విడిచిపెట్టకుండా, పూర్తి చిత్రాన్ని కనీసం రెండుసార్లు ప్రదర్శించి, రెండు వీక్షణల మధ్య విద్యార్థులు గమనించిన తేడాలను రాయించడం ప్రయోజనకరం. ‘మిస్సమ్మ’, ‘గుండమ్మ కథ’ల మీద కూడా ఇదే పద్ధతిలో పరిశీలన జరిగితే ఇక్కడి ప్రతిపాదన ఎంతవరకు నిలుస్తుందో తేలుతుంది.