పెద్దాసుపత్రి గడపలోని అపోహలు

విశాఖపట్టణమందలి కింగ్ జార్జి ఆసుపత్రికి గాని, హైదరాబాదు అఫ్జల్‌గంజిలోని ఉస్మానియాకు గాని రోగిని వెంటబెట్టుకొని వచ్చువారిలో పెక్కుమంది మనస్సున, లోపల తెలిసినవారెవ్వరైన నుండనిదే అచట పని జరుగదను నమ్మకము గాఢముగా పాతుకొనియుండును. గేటు చెంత తారసపడు దళారికి ఆ నమ్మకమే జీవనాధారము. అతడు డబ్బు పుచ్చుకొని చూపించు దారిని ఉచితముగా చూపుటకు నియమితులైనవారు ఆ ఆవరణములోనే కలరు.

వారిలో ముఖ్యులు ఆరోగ్యమిత్రలు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఆరోగ్యశ్రీ ఉచిత చికిత్సా పథకముతోపాటు వచ్చిన యీ యుద్యోగులే ఆపరేషను మంజూరు చేయుదురనియు, చేయి తడపనిదే ఫైలు కదలింపరనియు జనులు తలచుచుందురు. మంజూరు వారి చేతిలోనిది కాదు. రేషను కార్డును పరిశీలించి, పేరు నమోదు చేసి, రోగిని తగిన వైద్యుని యొద్దకు పంపి, ఆ వైద్యుడు నిర్ణయించిన చికిత్సకు వలయు పరీక్షాపత్రములను జతగూర్చి పంపుటవరకే వారి పని. అనుమతి నిచ్చువారు ఆ పథకమును నడుపు ట్రస్టునందలి వైద్యులు. ఒక్క స్కానింగు రిపోర్టు కొరతపడినను ఫైలు వెనుకకు వచ్చును. అట్టి వేళ దళారిని వెదకుటకంటె, ఏ కాగితము కావలెనో ఆరోగ్యమిత్ర కౌంటరునందే యడుగుట మేలు. (కౌంటరులో మనిషి కానరాని మధ్యాహ్నములును గలవనుట నే నెరుగుదును; అప్పుడు సూపరింటెండెంటు కార్యాలయమున కేగి యడుగుటకు సంకోచింపనక్కరలేదు.) ప్రాణాపాయ సమయమున కాగితములు చేరునంతవరకు వేచియుండవలసిన పనిలేదు, ఫోనుమీదనే అనుమతి పొంది చికిత్స నారంభించు పద్ధతి కలదు. ఆంధ్రమున నేడు పథకమునకు ఎన్టీఆర్ వైద్యసేవ యని పేరు మారినను, తెలంగాణమున 2023 డిసెంబరులో చికిత్సావ్యయ పరిమితి పది లక్షల రూపాయలకు పెరిగినను, తొలుత సంప్రదింపవలసినది ఈ కౌంటరునే.

ప్రమాదమున గాయపడినవానిని పోలీసులు రానిదే వైద్యులు ముట్టరాదనునది మరియొక అపోహ. ఇది ఎందరి ప్రాణములను హరించినదో! పరమానంద కటారా వ్యాజ్యమున 1989లోనే సుప్రీంకోర్టు, ప్రాణరక్షణ ప్రథమ కర్తవ్యమనియు, చట్టపరమైన లాంఛనములు తరువాతివనియు తీర్పు చెప్పినది. పోలీసులకు తెలుపు బాధ్యత ఆసుపత్రిది. దయతలచి క్షతగాత్రుని మోసికొనివచ్చిన బాటసారి తన పేరు చెప్పితీరవలెనను నిర్బంధము లేదని 2019 నాటి మోటారు వాహనాల చట్టసవరణ ననుసరించి 2020లో వచ్చిన నిబంధనలు స్పష్టీకరించినవి.

ప్రసూతి వార్డును గూర్చి చెప్పుకొను మాటలకు లెక్కలేదు. కాన్పు ఉచితమే గాని సిజేరియనుకు డబ్బు కట్టవలెననుట వానిలో నొకటి. 2011లో వచ్చిన జననీ శిశు సురక్షా కార్యక్రమము ననుసరించి సర్కారు దవాఖానాలలో సిజేరియను, మందులు, పరీక్షలు, రక్తము, బాలింతకు భోజనము, ఇంటికి చేర్చు వాహనము—అన్నియు ఉచితములే. బిడ్డ పుట్టినంతనే ‘సంతోషము’ పేర చేయి చాపువారికిచ్చు సొమ్మునకు ఆసుపత్రి రుసుముతో నే సంబంధమును లేదు.

కేసు షీటు ఆసుపత్రి సొత్తనియు, రోగి దానిని అడుగరాదనియు భావించుట కూడ పొరపాటే. 2002 నాటి వైద్యవృత్తి నియమావళి ప్రకారము రోగి గాని, అతడు అధికార మిచ్చినవారు గాని కోరిన 72 గంటలలో ఆ పత్రముల నీయవలెను. దరఖాస్తును మెడికల్ రికార్డ్సు విభాగమున నిచ్చి, ప్రతిమీద స్వీకరించినట్లు ముద్ర వేయించుకొనవలెను. ఐపీ (ఇన్‌పేషెంటు) నంబరు వ్రాయుట మరచినచో వెదకుటకే దినములు పట్టును, ఆ నంబరు డిశ్చార్జి చీటీమీదనే యుండును.