డాక్టరయిన తరువాత యింకొక దరఖాస్తు

మనవాళ్లలో పిల్లవాడో పిల్లో ఎం.బి.బి.యస్. పాసయితే యింట్లో పెళ్లి జరిగినంత సంబరం. ఆ పైన అమెరికా వెళ్లి, అక్కడి ఆస్పత్రిలో రెసిడెన్సీ అనే మూడేళ్ల శిక్షణలో చేరితే, యిక చదువు ముగిసినట్టేనని పెద్దలు లెక్క వేసుకుంటారు. సరిగ్గా ఆ లెక్క తేలే వేళకు పిల్లలు ఫోనులో "యింకా రెండేళ్లు చదువుతాను" అంటారు. డాక్టరయిన తరువాత మళ్లీ యేమి చదువు, మళ్లీ యేమి దరఖాస్తు అని యింటివాళ్లు తెల్లబోతారు. బరంపురంలో 1962లో వైద్య కళాశాల వెలసిన నాటినుంచి డాక్టరు చదువు మన గుమ్మం ముందుకు వచ్చింది గనుక, యీ ప్రశ్న మన తెలుగు కుటుంబాలలో యిప్పుడు తరచుగానే వినవస్తోంది.

మేము ఆఫీసులో గుమాస్తా పని చేసుకునేవాళ్లం. వైద్యం మాకు తెలియదు. కాని దరఖాస్తు అంటే యేమిటో, గడువు తేదీ అంటే యేమిటో, జతపరచవలసిన కాగితం ఒకటి తక్కువైతే యేమవుతుందో తెలుసు. మా అక్కగారి అమ్మాయి అమెరికాలో ఎండోక్రైనాలజీ ఫెలోషిప్పుకు ప్రయత్నించినప్పుడు ఆ కాగితాల వ్యవహారమంతా మేము పక్కనుండి చూశాము. మన కుటుంబాలకు ఉపయోగిస్తుందని ఆ సంగతులు యిక్కడ మనవి చేస్తున్నాము.

ముందు ఆ విద్య యేమిటో చెప్పుకుందాం. మన వొంట్లో కొన్ని గ్రంథులున్నాయి. లాలాజల గ్రంథులకు వున్నట్టు వాటికి గొట్టాలుండవు. అవి తయారుచేసే రసాన్ని నేరుగా నెత్తురులోకే వదులుతాయి. అందుకే వాటిని వినాళ గ్రంథులన్నారు. మెడలోని థైరాయిడు, మెదడు అడుగున వుండే పీయూష గ్రంథి, మూత్రపిండాల నెత్తిన కూర్చున్న అధివృక్క గ్రంథులు, క్లోమంలో ఇన్సులిను పుట్టే భాగం, యివన్నీ ఆ కోవలోవి. ఆ రసాలకు హార్మోను అనే పేరును 1905లో ఇంగ్లండులో స్టార్లింగు అనే శాస్త్రజ్ఞుడు వాడుకలోకి తెచ్చాడు. 1921లో కెనడాలోని టొరంటోలో బాంటింగు, బెస్టు అనేవారు ఇన్సులిన్ను వేరు చేయగా, 1922 జనవరిలో పద్నాలుగేళ్ల కుర్రవాడికి దానిని తొలిసారి సూదిమందుగా యిచ్చారు. అంతకుముందు ఆ జబ్బు వచ్చిన పిల్లలు బతికేవారు కారు.

యీ గ్రంథుల వైద్యులతో మనకేమి పని అనుకోవద్దు. భారత వైద్య పరిశోధనా మండలి వారి సర్వే 2023లో వెలువడింది. దాని ప్రకారం మన దేశంలో మధుమేహం వున్నవారు సుమారు 10 కోట్ల 10 లక్షల మంది. మన సంఘం వనభోజనాలలో చక్కెర లేని కాఫీ అడిగేవారిని లెక్కపెట్టినా సంగతి తెలుస్తుంది.

యిక డబ్బు సంగతి. దీనిని దాచి లాభం లేదు, యింట్లో మొదట వచ్చే పేచీ యిదే. అమెరికాలో జనరల్ మెడిసిన్ రెసిడెన్సీ మూడేళ్లూ ముగిస్తే, ఆస్పత్రిలో పడకల మీదున్న రోగులను చూసే ఉద్యోగంలో వెంటనే చేరవచ్చు. పూర్తి జీతం వస్తుంది. ఫెలోషిప్పులో చేరితే మరో రెండేళ్లు శిక్షణలో యిచ్చే జీతమే. పోనీ ఆ తరువాతనైనా రాబడి పెరుగుతుందా అంటే, గుండె వైద్యులకు పెరిగినట్టు వీరికి పెరగదు. చాలాచోట్ల ఆ ఆస్పత్రి డాక్టరు జీతంతో సమానం, లేదా కొంచెం తక్కువ కూడాను. అక్కడి చెల్లింపు పద్ధతి కోతలకు, గొట్టాలు వేసే పనులకు యెక్కువ విలువ కడుతుంది. రోగితో కూర్చుని, పరీక్షల ఫలితాలు చూసి, ఆలోచించి మాట్లాడే పనికి తక్కువ కడుతుంది. గ్రంథుల వైద్యుని పనిలో ముప్పాతిక భాగం ఆ ఆలోచన, ఆ మాటలే.

మా బావగారు బ్యాంకు అప్పు కాగితాలు ముందు వేసుకుని కూర్చున్నారు. రెండో అమ్మాయి పెళ్లి కూడా వుంది. ఆయన మాట అన్యాయమని మేము అనలేదు. అమ్మాయి మాత్రం నెమ్మదిగా చెప్పింది: "నాన్నా, ప్రాణం మీదికి వచ్చినవాణ్ణి ఆస్పత్రిలో నాలుగు రోజులు చూసి యింటికి పంపుతాము. ఆ తరువాత పదేళ్లు అతని చక్కెరను చూసేవారు కావాలి కదా. నాకు ఆ పదేళ్ల పని యిష్టం. అప్పు వాయిదాలు ఆపకుండా కడతాను, కాకపోతే తీరడానికి కొంచెం ఆలస్యమవుతుంది." బావగారు రెండు రోజులు మాట్లాడలేదు. మూడోనాడు ఫోను చేసి, "దరఖాస్తు యెప్పుడమ్మా?" అని అడిగారు.

మన దేశంలో యిదే విద్యకు దారి వేరు. ఎం.డి. తరువాత డి.ఎం. అనే మూడేళ్ల చదువు వుంది. దానికి 2017 నుంచి నీట్ సూపర్ స్పెషాలిటీ అనే అఖిల భారత పరీక్ష జరుగుతోంది. మార్కులను బట్టి ర్యాంకు, ర్యాంకును బట్టి సీటు. అందుకే మన పెద్దలు అమెరికాలో వున్న పిల్లలను కూడా "యెన్ని మార్కులమ్మా?" అని అడుగుతారు. అక్కడ ఫెలోషిప్పుకు విడిగా ప్రవేశ పరీక్ష లేదు. వెనుక రాసిన లైసెన్సు పరీక్షల మార్కులు చూస్తారు గాని, వాటిలో మొదటిదానికి 2022 జనవరి నుంచి మార్కులు తీసివేసి పాసు, ఫెయిలు మాత్రమే వుంచారు. కనుక పని చేయించిన పెద్ద డాక్టర్ల ఉత్తరాలు, చేసిన పరిశోధన, ముఖాముఖి, వీటికి బరువు హెచ్చు.

క్యాలెండరు యిలా వుంటుంది. మూడేళ్ల రెసిడెన్సీలో రెండేళ్లు ముగిసి మూడో యేడు మొదలయ్యే జూలై నెలలో దరఖాస్తు పెట్టాలి. అంటే కాగితాల సన్నాహమంతా రెండో యేటనే జరగాలి. దరఖాస్తు ఒక్కటే. దానిని ఎరాస్ అనే కంప్యూటరు పద్ధతి ద్వారా యెన్ని ఆస్పత్రులకు కావాలంటే అన్నింటికీ పంపవచ్చు. ఆస్పత్రుల సంఖ్య పెరిగే కొద్దీ రుసుము పెరుగుతుంది. చదువు, పని వివరాల పట్టిక, యీ విద్య యెందుకు కోరుతున్నారో తెలిపే ఒక పుట వ్యాసం, సిఫారసు ఉత్తరాలు, పరీక్షల ఫలితాలు జతపరచాలి. ఒక్కో ఆస్పత్రికి నాలుగు ఉత్తరాల వరకు పంపవచ్చు. ఉత్తరాన్ని రాసిన డాక్టరే నేరుగా పంపుతాడు. సాధారణంగా అభ్యర్థి దానిని చూడనని ముందే ఒప్పుకుంటాడు. కనుక ఉత్తరం అడగవలసింది పెద్ద పేరున్న డాక్టరును కాదు, తన పని దగ్గరుండి చూసిన డాక్టరును. పేరు గొప్పదై, ఉత్తరంలో రెండు పొడి మాటలుంటే ఫలితం లేదు. గుమాస్తా ఉద్యోగంలో మాకు యిది కొత్త సంగతి కాదు.

వర్షాకాలం చివరినుంచి ముఖాముఖీలు మొదలవుతాయి. 2020లో వచ్చిన కరోనా తరువాత అవి చాలావరకు కంప్యూటరు తెర మీదనే జరుగుతున్నాయి. విమానం ఖర్చులు తగ్గాయి. కాని చూడని వూరును తెర మీద చూసి నిర్ణయించుకోవాలి. మా అమ్మాయిని పదకొండు చోట్ల పిలిచారు.

అసలు చిక్కు ఆ తరువాత వచ్చింది. ముఖాముఖీలు ముగిశాక అభ్యర్థి తనకు నచ్చిన ఆస్పత్రులను ఒకటి, రెండు, మూడు అని వరుసగా రాయాలి. ఆస్పత్రులు కూడా అభ్యర్థులను అలాగే వరుసగా రాస్తాయి. యీ రెండు జాబితాలనూ కంప్యూటరు జత కలుపుతుంది. దీనిని మ్యాచి అంటారు. అమ్మాయికి అన్నిటికంటె నచ్చినది దూరపు రాష్ట్రంలోని ఒక విశ్వవిద్యాలయపు ఆస్పత్రి. అక్కడ పోటీ హెచ్చు. తాను పని చేస్తున్న ఆస్పత్రిని ఆమె నాలుగో వరుసలో వేసుకుంది. బావగారు, "నిన్ను యెరిగినవాళ్లు వాళ్లు. తప్పకుండా దొరికే చోటును ముందు రాయి, ఆశ పెట్టుకున్న చోటు తరువాత రాయవచ్చు" అని పట్టుబట్టారు.

పైకి చూస్తే ఆయన మాట సబబుగానే తోస్తుంది. ఆఫీసు బదిలీ ఫారాలలో మూడు వూళ్లు కోరుకోమంటారు. మొదటి వూరు దొరకకపోతే, రెండో వూరు అప్పటికే దానిని మొదటగా కోరినవాడికి పోయివుంటుంది. అందువల్ల అక్కడ జాగ్రత్తపరుడు దొరికేదే ముందు రాస్తాడు. మ్యాచి అలా నడవదు.

అమ్మాయి మొదట రాసిన ఆస్పత్రిని క అనుకుందాం, రెండోదానిని గ అనుకుందాం. కంప్యూటరు ముందు ఆమె పేరును క వద్దకు తీసుకువెళుతుంది. క జాబితాలో ఆమె వుండి, ఖాళీ కూడా వుంటే, ఆమెను తాత్కాలికంగా పట్టి వుంచుతుంది. ఆమెకంటె క యెక్కువగా కోరిన అభ్యర్థి తరువాత వస్తే, ఆమె బయటికి వచ్చి గ వద్దకు వెళుతుంది. ఆపాటికి గ నిండిపోయి వుండవచ్చు. అయినా ఫరవాలేదు. అక్కడున్నవారు కూడా తాత్కాలికంగా వున్నవారే. వారిలో యెవరికంటెనైనా గ యీమెను యెక్కువగా కోరి వుంటే, ఆ మనిషి లేచి యీమెకు చోటు వస్తుంది. అందరి కదలికలూ ఆగిన తరువాతనే చోట్లు ఖాయమవుతాయి. అందువల్ల ఆలస్యంగా వచ్చినవారికి నష్టం లేదు. ఆశపడిన చోటును ముందు రాసినందువల్ల దొరికే చోటు జారిపోదు. తిరగవేసి, దొరికే చోటును ముందు రాస్తే అదే దొరుకుతుంది. ఆశపడిన చోటివాళ్లు ఆమెను కోరుకుని వున్నా కంప్యూటరు అక్కడికి వెళ్లి అడగనే అడగదు.

యిది నిన్న మొన్న పుట్టిన పద్ధతి కాదు. అమెరికాలో యువ వైద్యులకు యిటువంటి మ్యాచి మొదట 1952లో జరిగింది. 1962లో గేల్, షాప్లీ అనే యిద్దరు గణితజ్ఞులు యీ జత కలిపే లెక్కను కళాశాల సీట్లకు, పెళ్లి సంబంధాలకు అన్వయించి వ్యాసం రాశారు. ఆల్విన్ రాత్ అనే ఆచార్యుడు తన సహచరునితో కలిసి సరిదిద్దిన లెక్క 1998 నుంచి అమలులోకి వచ్చింది. షాప్లీకి, రాత్‌కు కలిపి 2012లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమానం యిచ్చారు. అమ్మాయి యీ సంగతి చెప్పాక బావగారు కాగితం మీద మూడు పేర్లు, మూడు వూళ్లు వేసుకుని తామే లెక్క చేసి చూశారు. ఆ తరువాత వరుస మార్చమని అనలేదు.

యిందులో జాగ్రత్తలు లేకపోలేదు. మ్యాచి ఫలితానికి యిరుపక్షాలూ కట్టుబడి వుండాలి. కనుక వెళ్లడానికి మనసొప్పని చోటును జాబితాలో రాయనే కూడదు. జాబితా రాసి వూరుకుంటే చాలదు, దానిని ఖాయపరచినట్టు గడువులోగా నమోదు చేయాలి. మమ్మల్ని యెన్నోదిగా రాస్తావని ఆస్పత్రివారు అడగకూడదని నియమం వుంది. వాళ్లు తియ్యగా మాట్లాడారని వరుస మార్చుకోవడం తెలివి కాదు.

వీసా సంగతి కూడా పెద్దలకు తెలిసి వుండాలి. మా అమ్మాయి వలె జె-1 వీసా మీద వున్నవారు శిక్షణ ముగిశాక రెండేళ్లు స్వదేశంలో వుండాలి, లేదా డాక్టర్లు తక్కువగా వున్న ప్రాంతంలో మూడేళ్లు పని చేసే షరతు మీద మినహాయింపు పొందాలి. అందుకు అమెరికాలోని ఒక్కో రాష్ట్రానికి యేటా 30 చోట్లు వున్నాయి. కొన్ని రాష్ట్రాలు వాటిలో సాధారణ వైద్యులకే ముందు చోటిస్తాయి. అందువల్ల ప్రత్యేక విద్య నేర్చినవారికి ఆ దారి యింకొంచెం యిరుకు. మ్యాచిలో చోటు రాకపోతే జె-1 వారికి ఆ యేడు యీ చిక్కు ముందే వచ్చి పడుతుంది. అక్కడి పౌరులు ఉద్యోగం చేసుకుంటూ మరుసటి యేడు మళ్లీ ప్రయత్నించవచ్చు.

గత డిసెంబరులో ఫలితం వచ్చింది. అమ్మాయికి తాను రాసిన వరుసలో మూడోది దొరికింది. దూరపు విశ్వవిద్యాలయం రాలేదని రెండు రోజులు చిన్నబుచ్చుకుంది. కాని బావగారు చెప్పిన వరుస రాసివుంటే నాలుగోదానికి ఖాయమై వుండేది. నిర్భయంగా తన యిష్టం రాసినందున అంతకంటె మేలైన చోటే వచ్చింది. యీ మాట మాతో అన్నది బావగారే.

యిటువంటి పిల్లలున్న తల్లిదండ్రులకు మేము చెప్పేది కొంచెమే. జూలై నుంచి నవంబరు వరకు వాళ్లకు నైట్ డ్యూటీలు, ముఖాముఖీలు కలిసి వస్తాయి. ఆ నెలల్లో పెళ్లి ముహూర్తాలు, గృహప్రవేశాలు పెట్టి రమ్మనకండి. నవంబరు చివరనో డిసెంబరు మొదటనో ఫలితం వచ్చేదాకా యెన్నో వరుస, యే వూరు అని బంధువులందరిచేత అడిగించకండి. అప్పుల సంగతి దాచకుండా చెప్పండి. యెంత కట్టాలో, యెన్నాళ్లు ఆగగలరో అంకెలలో చెప్పండి. అది తెలిసిన తరువాత వాళ్లు యే విద్య కోరుతారో, యే వూరు ముందు రాస్తారో వాళ్లకే వదిలిపెట్టండి. పదేళ్లు, యిరవై యేళ్లు ఆ రోగుల యెదుట కూర్చునేది వాళ్లే గదా.

మన సంఘంలో యెవరి పిల్లలైనా యీ ప్రయత్నంలో వుంటే, ఆదివారం సాయంత్రాలు మేము గ్రంథాలయం వద్దనే వుంటాము. కాగితాల మేరకు మాకు తెలిసినది సంతోషంగా చెబుతాము.