గుండెపోటు తరువాత రక్తపరీక్ష చెప్పు మాట

గుండెపోటు పట్టణవాసుల వ్యాధి యను భావము నేడు చెల్లదు. పొలమున పాటుపడువారు సైతము దీనికి లోనగుచున్నారు. రేణిగుంట పరిసర గ్రామముల రోగులు తిరుపతిలోని రుయా ఆసుపత్రికో, 1993లో ప్రారంభమైన స్విమ్స్‌కో పోయి, చికిత్స పొంది ఇల్లు చేరుచుందురు. వెంట వచ్చిన రక్తపరీక్షల కాగితములోని అంకెలు కొందరిని భయపెట్టును. కొందరికి లేనిపోని ధైర్యము నిచ్చును. ఆ అంకెల అర్థమును పంచాయతీ సభ్యులకు విన్నవింపదలచితిమి.

గుండెకు రక్తము నందించు నాళముల గోడలలో కొవ్వు పేరుకొనిన తావున వాపు కలుగును. ఆ పొర చిట్లిన, అచ్చట రక్తము గడ్డకట్టి దారి మూసివేయును. గుండెపోటునకు ముఖ్యకారణ మిదియే. కావున వైద్యులు వాపునకును, గడ్డకును సంబంధించిన గుర్తులను రక్తమున వెదకుదురు.

వాపునకు గుర్తు సి.ఆర్.పి. అను మాంసకృత్తు. దీనిని 1930లో అమెరికాలో న్యుమోనియా రోగుల రక్తమున కనుగొనిరి. గుండెపోటు వచ్చిన కొన్ని గంటలకే ఇది పెరిగి, రెండు మూడు దినములలో మిక్కుటమై, పిమ్మట తగ్గును. రోగి పూర్తిగా కుదుటపడిన పిదపను లీటరునకు 3 మిల్లీగ్రాములకు మించి నిలిచియున్నచో, మరల పోటు వచ్చు అవకాశము హెచ్చని తలంతురు. అయితే జ్వరము, చీముపట్టిన పుండు, కీళ్లవాపు కూడ దీనిని పెంచును.

ఫైబ్రినోజను గడ్డకు నూలువంటి పదార్థము. డి-డైమరు, కట్టిన గడ్డ కరుగునపుడు వెలువడు తునక. ఇది గర్భిణులలోను, వృద్ధులలోను, శస్త్రచికిత్స జరిగినవారిలోను హెచ్చుగా కనబడవచ్చును. కావున ఒక్క అంకెను చూచి తీర్పు చెప్పరాదు.

అంకె తగ్గినదని మాత్రలు మానుటయే అసలు ప్రమాదము. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రలు రక్తకణములు ఒకదానికొకటి అంటుకొనకుండ కాపాడును. ఆ రక్షణ పై పరీక్షలలో కనబడదు. స్టెంటు వేయించుకొనినవారు వైద్యుని అడుగక వీనిని మానినచో, స్టెంటులోనే గడ్డకట్టి ప్రాణము పోవచ్చును. స్టాటిన్ మాత్ర కొవ్వుతోపాటు వాపునుగూడ తగ్గించును. బీడీ, చుట్ట మానుట ఈ రెండు కీడులకును మందే.

సభ్యులు తమ వార్డులో ఇట్టి రోగి యున్నచో, మాత్రలు అయిపోకముందే మరల తెచ్చుకొనునట్లు ఆశా కార్యకర్తతో కలిసి చూడవలెను. ఎవరికైనను ఛాతీనొప్పి వచ్చిననాడు ఈ పరీక్షలకై వేచియుండరాదు. వెంటనే 108కి ఫోను చేసి, ఇ.సి.జి. తీయు ఆసుపత్రికి చేర్పవలెను. ఆలస్యమైన ప్రతి నిమిషమును గుండె కండరము నశించుచుండును.